పెట్టెలో ఉన్నది తాచు కాదు: పీటర్ కుక్ తొలి పదేళ్లు

సభకు నమస్కారం.

నాటకాలు రాసేవాళ్లూ, ఆడేవాళ్లూ, రెండూ చేయాలని ఉబలాటపడేవాళ్లూ కూర్చున్న ఈ సభలో నాకు ఇచ్చిన అంశం "స్కెచ్ రచయిత తొలి రోజులు". అంశాన్ని అలా విశాలంగా వదిలేస్తే ఏం చెప్పినా చెల్లిపోతుంది కనుక నేను ఒక్క మనిషినే పట్టుకుని కూర్చుంటాను. అతని పేరు పీటర్ కుక్, ఇంగ్లిషు హాస్య రచయిత, నటుడు. 1937 నవంబరు 17న ఇంగ్లండు నైరుతి తీరంలోని టార్కీ పట్టణంలో పుట్టి, 1995 జనవరిలో కన్నుమూసిన ఈ మనిషి జీవితమంతా ఈ పూట నాకు అక్కరలేదు. బడిలో చదువుకునే రోజుల నుంచి 1965 జనవరి వరకు అతను ఏం రాశాడు, ఎవరి చేత పలికించాడు, తాను ఎప్పుడు నోరు విప్పాడు అన్నంతవరకే నా మాట.

స్కెచ్ అని వాళ్లు పిలిచేదాన్ని మనం కాలేజీ వార్షికోత్సవాల్లో స్కిట్ అంటాం. వీరేశలింగం పంతులుగారి నాటి ప్రహసనానికి ఇది చిన్న తమ్ముడు. నాలుగైదు నిమిషాల నిడివి, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒకే ఒక వింత పరిస్థితి. కథ ముందుకు నడవదు, ఉన్నచోటే నిలబడి లోతుకు దిగుతుంది. చూడడానికి ఇంత సులువుగా ఉంటుంది కనుకనే నేనూ చదువుకునే రోజుల్లో ఒకటి రాశాను. అందులో ముప్ఫై జోకులు పెట్టాను, లెక్కపెట్టి మరీ పెట్టాను. ఒక్కదానికీ హాలు కదలలేదు. మధ్యలో మైకు మొరాయిస్తే దాన్ని సరిచేయడానికి వచ్చిన కరెంటు పనివాడు రెండుసార్లు మైకును తట్టి, ఎంతో గంభీరంగా, "ఇప్పుడు మాట్లాడండి సార్, ఇందాకటి నుంచీ మీరు మాట్లాడింది ఎవరికీ వినపడలేదు" అని చెప్పి దిగి వెళ్లిపోయాడు. ఆ రాత్రి హాలు విరగబడి నవ్వింది ఆ ఒక్కసారే. అతను జోకు వేయలేదు, తన మానాన తాను తన గొంతుతో ఒక నిజం చెప్పాడు. కుక్ కథ చదివేదాకా ఆ రాత్రి జరిగిందేమిటో నాకు సరిగ్గా బోధపడలేదు.

ఎందుకంటే కుక్ తన వృత్తిని మొదలుపెట్టింది సరిగ్గా అలాంటి ఒక గొంతుతోనే. అతను చదివింది ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరలోని రాడ్లీ అనే బోర్డింగు స్కూల్లో. అక్కడ భోజనశాలలో పెద్దల బల్ల దగ్గర వడ్డించే ఒక నడివయసు ఉద్యోగి ఉండేవాడు. సాగదీసిన, ఎత్తుపల్లాలు లేని, ముక్కుతో కలిసిన గొంతు ఆయనది. నేలమీద పడి ఉన్న రాయినో పుల్లనో చూపి, అది కదిలినట్టు తనకు అనిపించిందని ఎంతో నిబ్బరంగా చెప్పేవాడట. పిల్లలు నవ్వి ఊరుకున్నారు. కుక్ మాత్రం ఆ గొంతును ఇంటికి తెచ్చుకున్నాడు. పగలూ రాత్రీ అదే గొంతుతో మాట్లాడి, ఆ మనిషి చెప్పని సంగతులు కూడా ఆ మనిషి చెప్పినట్టే చెప్పడం సాధన చేశాడు. అనుకరణ అంటే ఎదుటివాడి మాటలు తిరిగి పలకడమని మనం అనుకుంటాం. ఈ కుర్రవాడు ఆ గొంతు వెనక ఉన్న బుర్ర ఎలా పనిచేస్తుందో పట్టుకున్నాడు, ఆ బుర్రకు ఏ విషయం అందించినా అది తన దారిలోనే నడిచిపోతుందని కనిపెట్టాడు.

ఇంటి పరిస్థితి కొంచెం చెప్పాలి. తండ్రి వలస ప్రభుత్వ ఉద్యోగి, నైజీరియాలో జిల్లా అధికారిగా పనిచేశాడు. మనకు బాగా తెలిసిన కలెక్టరు దొరల జాతే అనుకోండి. కొడుకు విదేశాంగ శాఖలో చేరాలని ఇంట్లో అనుకున్నారు, అందుకే కుక్ ఫ్రెంచి, జర్మను భాషలు తీసుకున్నాడు. తీరా చదువు పూర్తయ్యే నాటికి ఏలడానికి బ్రిటన్ దగ్గర వలసలు అయిపోయాయని అతనే తరువాత నవ్వుతూ చెప్పేవాడు. తప్పనిసరి సైనిక సేవ కూడా తప్పిపోయింది. అతనికి పక్షి ఈకలు పడవు, తుమ్ములు వస్తాయి. ఈకల దిండ్లున్న బారకాసులో పడుకుంటే తుమ్ముతావా అని వైద్యులు అడిగితే తుమ్ముతానన్నాడు, వదిలేశారు. కాలేజీలో చేరేముందు భాషాభ్యాసం కోసం యూరప్ వెళ్లినప్పుడు బెర్లిన్‌లో రాజకీయ వ్యంగ్యం ప్రదర్శించే ఒక చిన్న క్యాబరే చూశాడు. ప్రదర్శన అతనికి గొప్పగా అనిపించలేదు కానీ, ఇలాంటిది లండన్‌లో ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది. తనకన్నా ముందు ఇంకెవరైనా తెరిచేస్తారేమోనన్న బెంగ కూడా.

1957లో కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. కేంబ్రిడ్జిలో ఫుట్‌లైట్స్ అనే విద్యార్థి హాస్య నాటక సంఘం ఉంది, 1883 నుంచీ నడుస్తున్నది. అంత పెద్ద సంఘంలోకి మనల్ని ఎవరు రానిస్తారని జంకి, కుక్ మొదటి ఏడాది దాని గడప కూడా తొక్కలేదు. రెండో ఏడాది తొక్కాడు, 1960 నాటికి దానికే అధ్యక్షుడయ్యాడు. ఆ మధ్యకాలంలో భోజనశాలలో, వరండాల్లో, ఎక్కడ కూర్చుంటే అక్కడ రాడ్లీ ఉద్యోగి గొంతుతో గంటల తరబడి మాట్లాడుతూ పోయాడు. తోటి విద్యార్థులకు కూడా ఆ గొంతు అంటుకుందని, తమకు తెలియకుండానే అదే యాసలో మాట్లాడడం మొదలుపెట్టారని చెబుతారు.

ఇక్కడ ఒక సంగతి గమనించమని మీలో రాసేవాళ్లను కోరుతున్నాను. కుక్ కాగితం ముందు కూర్చుని రాసే రకం కాదు. అతని రాత నోటితో జరిగింది. మాట్లాడుతూ పోవడం, అందులో నిలిచినదాన్ని తరువాత కాగితం మీదికి ఎక్కించడం అతని పద్ధతి. కొన్నేళ్ల తరువాత టేపురికార్డరు ముందు మాట్లాడి, దాన్ని టైపు చేయించుకుని స్కెచ్‌లు తయారుచేసినప్పుడు కూడా పని తీరు మారలేదు. మన హరిదాసులు పిట్టకథను సభ చూసి పెంచినట్టు, అతనూ ఎదుటివాడి ముఖం చూసి పెంచేవాడు. ఎదుటివాడు లేకపోతే ఆ గొంతుకు పని లేదు.

1959 ఫుట్‌లైట్స్ ప్రదర్శనను జాన్ బర్డ్ నడిపాడు. అది చూసిన నిర్మాత మైకేల్ కోడ్రన్ కుక్‌ను వెస్ట్ ఎండ్‌లో, అంటే లండన్ పెద్ద థియేటర్లుండే పేటలో, ఆడబోయే ఒక రివ్యూకు రాయమన్నాడు. రివ్యూ అంటే పాటలూ స్కెచ్‌లూ కలిపి అల్లిన వినోద ప్రదర్శన. "పీసెస్ ఆఫ్ ఎయిట్" అనే ఆ రివ్యూ 1959 సెప్టెంబరులో అపోలో థియేటరులో మొదలైంది. ముఖ్య నటుడు కెన్నెత్ విలియమ్స్. మాటల్లో ఎక్కువ భాగం కుక్‌వి. కొన్ని స్కెచ్‌లు నాటక రచయిత హెరాల్డ్ పింటర్‌వి. అప్పటికి కుక్‌కు ఇరవై రెండేళ్లు నిండలేదు, డిగ్రీ చేతికి రాలేదు. అక్కడ రచయితలకు డబ్బు స్కెచ్ ఆడిన నిమిషాల లెక్కన పంచేవారనీ, పింటర్ స్కెచ్‌ల నిండా మౌనాలే కనుక మాటలు రాసిన తనకన్నా మౌనాలు రాసిన ఆయనకే గిట్టుబాటైందనీ కుక్ తరువాత వేళాకోళమాడేవాడు.

ఆ రివ్యూలోని ఒక స్కెచ్‌ను కొంచెం దగ్గరగా చూద్దాం. రైలు పెట్టెలో ఇద్దరు ప్రయాణికులు. ఒకడు తన పేపరు తాను చదువుకుంటున్నాడు. రెండోవాడి ఒళ్లో ఒక అట్టపెట్టె ఉంది. రెండోవాడు మొదలుపెడతాడు, ఈ పెట్టెలో పాము ఉందని. రక్తపింజరి జాతిది. పేపరు చదువుకుంటున్నవాడు మర్యాదకు ఊ కొడతాడు. అంతే, చిక్కుకున్నాడు. ఇది ఆస్ప్ కాదు సుమా అంటాడు పెట్టెవాడు. ఆస్ప్ అంటే క్లియోపాత్రాను కాటేసిందని చెప్పుకునే పాము, మన తాచుకు చుట్టం. క్లియోపాత్రా దగ్గర ఉన్నది అదీ, నా దగ్గర ఉన్నది ఇదీ. చూడడానికి దానిలా ఉంటుంది కానీ ఇది అది కాదు. ఎదుటివాడు వద్దన్నది లేదు, కావాలన్నదీ లేదు. ఇది తాచు అని అసలు ఎవరూ అనలేదు. ఎవరూ అనని మాటను ఖండించడంలోనే ఆ మనిషి బతుకంతా ఉంది. బస్సులో పక్కన కూర్చుని, మనం అడగకుండానే "నేను ఆ కోవకు చెందినవాణ్ని కాదండీ" అని మొదలుపెట్టే పెద్దమనిషి మనలో ఎవరికి తగల్లేదు?

పెట్టె తెరుచుకుంటుందా, పాము బయటికి వస్తుందా అని చూసే ప్రేక్షకుడికి ఈ స్కెచ్ దాన్ని ఇవ్వదు. దీనికి కావలసినవి ఒక గొంతు, పారిపోలేని ఒక శ్రోత, అంతవరకే. రైలు పెట్టెను ఎంచుకోవడంలోనే రచన అంతా ఉంది, ఎందుకంటే వచ్చే స్టేషను దాకా ఎవరూ దిగలేరు. అయితే రాసింది కుక్ అయినా పలికింది కెన్నెత్ విలియమ్స్. ఆయనకు తనదైన వంకర గొంతు ఒకటి ముందే ఉంది, లండన్ అంతా దాన్ని ఎరుగును. రాడ్లీ భోజనశాల నుంచి వచ్చిన మాట విలియమ్స్ ముక్కులోంచి బయటికి వచ్చింది, జనం నవ్వారు, విలియమ్స్‌కు పేరొచ్చింది. స్కెచ్ రాసే ప్రతివాడూ మొదట తన మాటను ఇలా పరాయి నోటికి అమ్ముకోవలసిందే. అది అవమానమేమీ కాదు, పని నేర్చుకునే పద్ధతి. కానీ కుక్‌కు అది చాలలేదని తరువాత జరిగినది చూస్తే తెలుస్తుంది.

1960 మొదట్లో స్కాట్లండులోని ఎడిన్‌బరా కళల ఉత్సవ నిర్వాహకుడు రాబర్ట్ పాన్సన్‌బీకి ఒక ఆలోచన వచ్చింది. అధికారిక ఉత్సవం పక్కన, దాని అంచున, విద్యార్థులూ చిన్న బృందాలూ ఆడే ప్రదర్శనలకు ఫ్రింజ్ అని పేరు. రాత్రివేళ జనం అటు పోతున్నారు. మనమే ఒక విద్యార్థి రివ్యూ పెడితే పోలా అనుకున్నాడు. ఆయన సహాయకుడు జాన్ బాసెట్ ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇద్దరినీ కేంబ్రిడ్జి నుంచి ఇద్దరినీ పోగుచేశాడు. ఆక్స్‌ఫర్డ్ నుంచి డడ్లీ మూర్, చర్చి ఆర్గన్ వాయించి స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పొట్టి కుర్రవాడు, అలన్ బెనెట్, మధ్యయుగ చరిత్ర చదువుతున్న సిగ్గరి. కేంబ్రిడ్జి నుంచి జోనథన్ మిల్లర్, అప్పటికే వైద్యుడు, ఆపైన కుక్. నలుగురిలో నాటకరంగంలో డబ్బు సంపాదించింది కుక్ ఒక్కడే. అందుకే అతని ఏజెంటు, ఈ ఔత్సాహికులతో కలిస్తే నీ పేరుకు నష్టమని హెచ్చరించాడు. కలవక తప్పకపోతే మిగతావాళ్లకన్నా ఎక్కువ ఇప్పిస్తానని పట్టుబట్టాడు. మిగతా ముగ్గురికీ తలకు 100 పౌండ్లు, కుక్‌కు 110. అందులోంచి ఏజెంటు పదోవంతు కమీషను తీసుకున్నాక కుక్ చేతికి వచ్చినవి 99.

"బియాండ్ ది ఫ్రింజ్" 1960 ఆగస్టులో ఎడిన్‌బరా లైసియం థియేటరులో ఒక వారం ఆడింది. అప్పటి రివ్యూల్లో పాటగత్తెలూ, తళుకు దుస్తులూ, మారుతూ ఉండే సెట్లూ తప్పనిసరి. ఈ నలుగురూ ముదురు రంగు సూట్లలో, దాదాపు ఖాళీ వేదిక మీద నిలబడి మాట్లాడారు. మాటల్లో పెద్ద వాటా కుక్‌దే. రాడ్లీ గొంతు మొదటిసారి తన సొంత నోటితో లోకానికి వినపడింది కూడా ఇందులోనే. బల్ల మీద ఒంటరిగా కూర్చున్న ఒక బొగ్గుగని కూలీ చెప్పుకుంటూ పోతాడు: తాను జడ్జీ కావలసినవాడేనట, లాటిన్ రాక ఆగిపోయాడట. జడ్జీల పరీక్ష మహా కఠినమట, రాసినవాళ్లు ఎంత కఠినం, ఎంత కఠినం అని తూలుతూ బయటికి వస్తారట. గని పరీక్షలో మాత్రం ఒకటే ప్రశ్న, నువ్వెవరు అని. దానికి తనకు నూటికి 75 మార్కులు వచ్చాయట. ఆ డెబ్బయి అయిదు దగ్గర నేను ఆగిపోతాను. నూటికి నూరు అంటే మామూలు జోకు, సున్నా అంటే ఇంకా మామూలు జోకు. నేనెవరు అన్న ప్రశ్నకు ముప్పాతిక మార్కులు తెచ్చుకుని, దాంతో ఎంతో తృప్తిగా ఉన్న మనిషిని సృష్టించడానికి చెవి కావాలి. రాత్రి రాత్రికీ అతను దీన్ని మార్చి, పెంచి చెప్పేవాడు.

ఎడిన్‌బరా విజయం తరువాత లండన్‌కు వచ్చేముందు కేంబ్రిడ్జిలో, బ్రైటన్‌లో ఆడి చూశారు. బ్రైటన్ ప్రేక్షకులు మధ్యలోనే లేచి పోతుంటే మడత కుర్చీలు పిస్తోలు పేలినట్టు టపటపమన్నాయని బెనెట్ జ్ఞాపకం చేసుకున్నాడు. ప్రతి నాటక బృందానికీ ఒక బ్రైటన్ ఉంటుంది, ముందుకు పోదాం. 1961 మే 10న లండన్ ఫార్చ్యూన్ థియేటరులో మొదలైంది. ఇంగ్లిషు హాస్యం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోకి నిశ్చయంగా అడుగుపెట్టిన ఘడియ ఇదేనని విమర్శకుడు కెన్నెత్ టైనన్ రాశాడు.

ఆ ఏడాదే కెన్నెత్ విలియమ్స్ ఆడిన మరో రివ్యూలో కుక్ రాసిన ఒంటికాలి మనిషి స్కెచ్ ఉంది. తాను పద్దెనిమిదేళ్ల వయసు ప్రాంతంలోనే దాన్ని రాశానని కుక్ చెప్పేవాడు. ఆపైన ఎన్ని రాసినా దాన్ని మించలేకపోయానని దిగులు నటించేవాడు కూడా. తరువాతి రోజుల్లో కుక్ నిర్మాతగా, డడ్లీ మూర్ ఒంటికాలితో గెంతుతూ ఆడినదే మనకు తెలిసిన రూపం. టార్జాన్ వేషానికి నటుణ్ని ఎంపిక చేస్తున్నారు. స్పిగ్గట్ అనే అభ్యర్థి గదిలోకి గెంతుకుంటూ వస్తాడు. అతనికి ఉన్నది ఒక్కటే కాలు. నిర్మాత నవ్వడు, కసరడు, బయటికి పొమ్మనడు. మీరు ఒంటికాలివారని నేను దాదాపు వెంటనే గమనించానండీ అంటాడు. అభ్యర్థి ఆశ్చర్యపోతాడు, గమనించారా అని. ఈ రంగంలో ఇన్నేళ్లుగా ఉన్నాను కదా, ఇలాంటి చిన్న విషయాలు ఇట్టే తెలిసిపోతాయంటాడు నిర్మాత. ఆపైన కాళ్ల విభాగంలో అభ్యర్థికి ఒకటి మేరకు కొరత ఉన్నదని తెలియజేస్తాడు. మీ కుడికాలు చాలా బాగుంది, వేషానికి తగిన కాలు, దానికి ఎదురుగా నా దగ్గర ఏమీ లేదు, చిక్కేమిటంటే మీ దగ్గరా ఏమీ లేదు. ఇంగ్లిషులో ఆ చివరి వాక్యం ఒకే మాటను అభ్యంతరం అన్న అర్థంలోనూ ఆనుకోవడం అన్న అర్థంలోనూ తిప్పుతుంది. తెలుగులో అది పూర్తిగా రాదు, మీరు మన్నించాలి. చివరికి ఆశ కూడా వదలడు: రాబోయే పద్దెనిమిది నెలల్లో రెండు కాళ్లున్నవారెవరూ రాకపోతే తమను తప్పక సంప్రదిస్తామంటాడు.

ఈ స్కెచ్‌లో వైకల్యాన్ని ఎగతాళి చేశారని కొందరు అంటారు, ఈ రోజు కొత్తగా చూసేవారికి అలా తోచడంలో తప్పు లేదు. నేను మాత్రం అందులో నవ్వు ఎవరి మీదికి పోతుందో చూడమంటాను. అభ్యర్థి నిటారుగా ఉన్నాడు, అతనికి తన మీద నమ్మకం ఉంది. వంకర అంతా నిర్మాత భాషది. లేదని సూటిగా చెప్పలేక, ఉన్న నిజాన్ని విభాగాలుగా విడగొట్టి, ఫైలు మీద నోటు రాసినట్టు మాట్లాడే ఆ మర్యాద ఎక్కడిది? జిల్లా అధికారి ఇంట్లో పెరిగినవాడికి అది ఎక్కడిదో తెలుసు. మన ఆఫీసుల్లో "తమరి దరఖాస్తు పరిశీలనలో ఉన్నది" అనే వాక్యానికి అది అన్న. ఇక్కడ కూడా ఒకడు మాట్లాడుతున్నాడు, ఒకడు చిక్కుకున్నాడు. ఈసారి చిక్కుకున్నవాడు నిలబడలేక గెంతుతున్నాడు కూడా.

అప్పటి సెన్సారు గురించి ఒక మాట. బ్రిటన్‌లో 1843 చట్టం ప్రకారం ప్రతి కొత్త నాటకం రాతప్రతినీ లార్డ్ ఛాంబర్లేన్ అనే రాజాస్థాన అధికారికి చూపించి అనుమతి తెచ్చుకోవాలి. వాళ్లే మన దేశంలో 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం నచ్చని నాటకాన్ని నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అక్కడ ముందే అక్షరం అక్షరం చదివేవారు. 1968లో గాని ఆ ఏర్పాటు పోలేదు. ఈ నలుగురి రాతప్రతిలో ఒకచోట, ఆడంగి నడకల వయసు మళ్లిన ఇద్దరు పురుషులు ప్రవేశిస్తారని ఇంగ్లిషు వాడుకమాటతో రాసిన రంగసూచన ఉంటే, దాన్ని కొట్టించి, సౌందర్యారాధకులైన ఇద్దరు యువకులు ప్రవేశిస్తారని మార్పించారు. వేదిక మీద ఎవరూ పలకని, ప్రేక్షకులకు ఎన్నటికీ వినపడని రంగసూచన అది.

అనుమతి పొందిన ప్రతిని దాటి మాట్లాడడం కూడా చట్టం దృష్టిలో తప్పే. ఇది గుర్తుంచుకుని తరువాతి సంగతి వినండి. కుక్ ఈ ప్రదర్శనలో అప్పటి ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ వేషం వేసేవాడు. అలసిన కులీన స్వరంతో, విదేశాల్లో తాను ఎవరెవరిని కలిసిందీ టీవీలో ప్రజలకు చెబుతున్న ప్రధాని. పేదరికంలో ఉన్న ఒక వృద్ధ పింఛనుదారు రాసిన ఉత్తరాన్ని తీసి, అమ్మా, ధైర్యంగా ఉండండి, మీకన్నా హీనస్థితిలో ఉన్నవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు, ఆ స్థితిని అలాగే నిలబెట్టడమే మా పార్టీ విధానం అని ఓదారుస్తాడు. ఒక రాత్రి మాక్‌మిలన్ స్వయంగా ప్రేక్షకుల్లో వచ్చి కూర్చున్నాడు. మన పల్లెల్లో పగటివేషగాళ్లు కరణం వేషం కట్టి ఆ కరణంగారి అరుగు ముందే ఆడేవారు, ఆయన నవ్వి బియ్యం పెట్టించేవాడు. ఆ సంప్రదాయంలో ఇద్దరికీ మర్యాద నిలిచేది. కుక్ ఆ మర్యాద పాటించలేదు. రాసుకున్న మాటలు వదిలేసి, ప్రధాని గొంతుతోనే, తీరిక దొరికిన సాయంత్రం నాకు ఇంతకన్నా ఇష్టమైనది లేదు, ఏదో ఒక థియేటరుకు నడిచివెళ్లి, ఉరకలేస్తున్న కుర్ర వ్యంగ్యకారుల మాటలు వింటూ, ఈ వెర్రి ముసలి ముఖం నిండా ఒక మొద్దు నవ్వు పులుముకుని కూర్చోవడం, అని అందుకున్నాడు. మాక్‌మిలన్ కార్యక్రమ పత్రంలో ముఖం దాచుకున్నాడనీ, ఇబ్బందితో హాలు క్రమంగా గడ్డకట్టిందనీ, అయినా కుక్ ఆగలేదనీ బెనెట్ రాశాడు.

దీన్ని అధికారం మీద తిరుగుబాటుగా చెప్పుకోవడం రివాజు. కుక్ మాత్రం తనకు మాక్‌మిలన్ అంటే అభిమానమేనని, ఆ అనుకరణ ఎంతో ప్రేమతో చేసినదని అన్నాడు. నేను ఆ మాటను నమ్ముతాను. సీటులోంచి లేవలేని ఒక శ్రోత దొరికాడు, రైలు పెట్టెలో పేపరు చదువుకుంటున్నవాడు దొరికినట్టు. గొంతు మొదలయ్యాక దానికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఇది అతని బలమూ అవును, లోపమూ అవును. హాలు నవ్వడం మానేశాక కూడా సాగడం కళాకారుడు చేయవలసిన పనేనా అన్నది మీలో మీరు తేల్చుకోండి.

తక్కినది త్వరగా చెబుతాను. 1961 అక్టోబరులో లండన్ సోహోలో, 18 గ్రీక్ స్ట్రీట్‌లో, అంతకుముందు బట్టలు విప్పే నాట్యాలు ఆడిన చోట, కేంబ్రిడ్జి మిత్రుడు నికొలస్ లూవార్డ్‌తో కలిసి కుక్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే క్లబ్బు తెరిచాడు. సభ్యత్వమున్న క్లబ్బు కనుక అక్కడికి లార్డ్ ఛాంబర్లేన్ కత్తెర రాదు. హిట్లరు రాకనూ, రెండో ప్రపంచ యుద్ధాన్నీ ఆపడానికి అంతగా తోడ్పడిన ఆ అద్భుతమైన బెర్లిన్ క్యాబరేల నమూనాలోనే దీన్ని పెట్టామని ప్రకటించాడు. వ్యంగ్యం ఏదో సాధిస్తుందని నమ్మేవాళ్లను దీనికన్నా నెమ్మదిగా ఎవరూ గిల్లలేదు. జాన్ బర్డ్, జాన్ ఫార్చ్యూన్, ఎలినర్ బ్రాన్ అక్కడ ఆడేవారు, కింది గదిలో డడ్లీ మూర్ పియానో వాయించేవాడు. 1962లో అమెరికా నుంచి హాస్యకారుడు లెనీ బ్రూస్ వచ్చి ఆడి వెళ్లాడు. మరుసటేడు మళ్లీ రాబోతే ప్రభుత్వం దేశంలోకి రానివ్వలేదు. ఆ 1962లోనే కుక్, లూవార్డ్ కలిసి "ప్రైవేట్ ఐ" అనే వ్యంగ్య పత్రికను కొన్నారు. అయితే అదే ఏడాది కుక్ అమెరికా వెళ్లాడు, యజమాని లేని క్లబ్బు 1963లో దివాలా తీసింది. పత్రిక మాత్రం ఇప్పటికీ వస్తున్నది.

అమెరికాలో "బియాండ్ ది ఫ్రింజ్" మొదలైన తేదీ 1962 అక్టోబరు 27. క్యూబా క్షిపణుల సంక్షోభంలో అణుయుద్ధం అన్నిటికన్నా దగ్గరికి వచ్చిన రోజు అది. అణుదాడికి నాలుగు నిమిషాల ముందు హెచ్చరిక వస్తుందంటే అది చాలా తక్కువ సమయమని కొందరు సణుగుతున్నారు, ఈ మహత్తర దేశంలో నాలుగు నిమిషాల్లో మైలు పరిగెత్తగలవాళ్లు ఉన్నారని వారికి గుర్తుచేస్తున్నాను అని లండన్ వేదిక మీద చెప్పించిన బృందానికి న్యూయార్కులో ఇంతకన్నా తగిన ముహూర్తం దొరకదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెనెడీ కూడా వచ్చి చూశాడు.

1964లో కుక్ ఇంగ్లండుకు తిరిగి వచ్చేసరికి అక్కడి హాస్యం అతని కోసం ఆగలేదు. కేంబ్రిడ్జిలో అతని తరువాతి తరం డేవిడ్ ఫ్రాస్ట్ టీవీ వ్యంగ్య కార్యక్రమంతో ఇంటింటి పేరైపోయాడు. ఇలాంటి స్థితిలో కుక్ ఏం చేశాడన్నదే ఈ ప్రసంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. వ్యంగ్యాన్ని పక్కనపెట్టి రాడ్లీ భోజనశాలకు తిరిగి వెళ్లాడు. బెర్నార్డ్ బ్రేడన్ నడిపే వారపు టీవీ కార్యక్రమంలో ఈ.ఎల్. విస్టీ అనే మనిషి కనిపించడం మొదలైంది. వానకోటు, టోపీ, పార్కు బల్ల. కళ్లు రెప్పవేయకుండా కెమెరాలోకి చూస్తూ, అదే సాగదీసిన గొంతుతో, ప్రపంచాన్ని తాను ఎలా ఏలదలచుకున్నాడో, అందుకు ఏర్పరచిన సంఘంలో సభ్యులెవరో, పనులు ఎందుకు ముందుకు సాగడం లేదో వివరిస్తాడు. పదేళ్ల కింద ఒక బడిలో కొద్దిమంది కుర్రవాళ్లు విన్న గొంతు ఇప్పుడు దేశమంతా వింటున్నది. ఈసారి చిక్కుకున్న శ్రోత మనమే, టీవీ ముందు కూర్చున్నవాళ్లం.

ఆపైన డడ్లీ మూర్‌కు బీబీసీ ఒక కార్యక్రమం ఇచ్చింది, మూర్ కుక్‌ను అతిథిగా పిలిచాడు. 1965 జనవరి 9న మొదటి భాగం ప్రసారమైంది. అందులో టోపీలు, వానకోట్లు తొడుక్కుని ఇద్దరు మామూలు మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చుని, తమను విసిగిస్తున్న సినిమా తారల గురించి మాట్లాడుకుంటారు. అర్ధరాత్రి కిటికీ అద్దం మీద టక్ టక్ మని చప్పుడు, ఎవరా అని చూస్తే గ్రేటా గార్బో, పో తల్లీ పో అని ఆమెను తరిమేయవలసి వచ్చిందని కుక్ ఎంతో విసుగ్గా, అలసటగా చెబుతాడు. అతని ముఖంలో చిన్న కదలిక కూడా లేదు. ఎదురుగా కూర్చున్న మూర్‌కు మాత్రం నవ్వు ఆగడం లేదు. పెదవులు బిగబట్టాడు, చూపు పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. కెమెరా ముందు నుంచి లేచి పోలేడు. కుక్ అది చూశాడు. చూసి, గార్బో కిటికీ దగ్గర ఇంకా ఏం చేసిందో నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు.